అందరూ చూసే మార్కులు, పిల్లలు చూడని చదువు

పిల్లల చదువు ఎలా సాగుతోందో అందరికీ తెలుసు, ఆ పిల్లలకు తప్ప. మార్కులు టీచర్ రిజిస్టర్‌లో ఉంటాయి, అమ్మానాన్నల ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెద్దవాళ్లదే. పరీక్ష ఎలా రాశావంటే "బాగానే రాశా" అంటారు. అబద్ధం కాదు పాపం, నిజంగానే అలా అనిపిస్తుంది.

ఒకే పాఠం మళ్లీ మళ్లీ చదివితే ప్రతి వాక్యం తెలిసినట్టే ఉంటుంది మరి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఇది పరీక్షించి చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, పదేపదే చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచాక తారుమారైంది, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. తమాషా ఏంటంటే, బాగా గుర్తుంటుందనే నమ్మకం మాత్రం పదేపదే చదివినవాళ్లకే ఎక్కువ!

కాబట్టి ఇంకో ట్యూషన్ పెట్టించే ముందు, తమకు ఎంత వచ్చిందో తామే చూసుకోవడం నేర్పండి. చదివిన వెంటనే కాదు, మర్నాడు పుస్తకం మూసి రాయమనండి. దిద్దిన పేపర్ ఇచ్చేముందు ఎన్ని మార్కులొస్తాయో అంచనా వేయమనండి. పోయిన మార్కులన్నిటినీ "సిల్లీ మిస్టేక్స్" అని కొట్టిపారేయనివ్వకండి. అసలు తెలియక పోయాయా, తెలిసీ గుర్తు రాలేదా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, టైమ్ చాలలేదా? ఒక నోట్‌బుక్‌లో వాళ్లనే రాసుకోమనండి. ఒక్కోదానికి మందు వేరు. ప్రశ్న సరిగ్గా చదవనివాళ్లతో పాఠం మళ్లీ వల్లె వేయిస్తే ఏం లాభం?

సిలబస్సే అవ్వట్లేదు, ఇవన్నీ ఎక్కడ అంటారు టీచర్లు. పేపర్లు పంచే రోజు ఐదు నిమిషాలు చాలు.

నాకు భయం తల్లిదండ్రులతోనే. అంచనా తప్పిందని ఒక్కసారి తిట్టారో, రెండోసారి నుంచి పిల్లలు కావాలనే తక్కువ చెప్తారు. తప్పులు రాసుకునే నోట్‌బుక్‌ను రోజూ తనిఖీ చేశారో, అది ఇంకో హోంవర్క్ అయిపోతుంది, మీకు నచ్చేదే అందులో రాస్తారు. అడగకుండా దాన్ని తెరవకండి. వాళ్లే వచ్చి "ఈ చాప్టర్లో ఇది నాకు రావట్లేదు" అన్నప్పుడు పక్కన కూర్చోండి.