మందుంది, ఆసరా ఏది?

కీళ్లవాతం అనగానే అందరికీ గుర్తొచ్చేది వయసు మళ్లినవారి మోకాళ్లే. ఈ అలవాటైన ఆలోచనకు మూల్యం చెల్లిస్తున్నది పిల్లలు. దాదాపు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. పదహారేళ్లు నిండకముందే మొదలై, కనీసం ఆరు వారాల పాటు కీలు వాచి ఉండి, మరే కారణమూ తేలకపోతే వైద్యులు దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. లండన్ వైద్యుడు జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 22 మంది పిల్లలను పరిశీలించి, వీరిలో కొందరి జబ్బు పెద్దల కీళ్లవాతం కన్నా వేరని 1897లోనే రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా, పిల్లవాడు కుంటుతున్నాడంటే ‘ఆటల్లో దెబ్బ తగిలి ఉంటుంది’, ‘ఎదిగే వయసు నొప్పులే’ అన్న మాటలే ముందు వినిపిస్తున్నాయి.

ఎదిగే వయసు నొప్పులు సాధారణంగా సాయంత్రమో రాత్రో రెండు కాళ్లలోనూ వస్తాయి. తెల్లవారేసరికి పిల్లలు మామూలుగా పరుగులు తీస్తారు. కీళ్లవాతం తీరు ఇందుకు విరుద్ధం. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోతాయి, అడుగు పడదు, పొద్దెక్కే కొద్దీ సడలుతాయి. మరీ చిన్నపిల్లలు నొప్పి అని చెప్పలేరు. నడక వచ్చినవారే మళ్లీ ఎత్తుకోమని మారాం చేస్తారు. రక్త పరీక్షలో ఏమీ తేలలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పెద్దల్లో కీళ్లవాతాన్ని పసిగట్టేందుకు రక్తంలో వెతికే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ ఈ పిల్లల్లో చాలామందికి ఉండదు. ఈలోగా ఆలస్యం తన పని తాను చేస్తుంది. వాచిన మోకాలి దగ్గర ఎముక వేగంగా పెరిగి ఒక కాలు పొడవవుతుంది. దవడ కీలు దెబ్బతింటే కింది దవడ సరిగా ఎదగదు.

అన్నిటికన్నా భయపెట్టేది కన్ను. యువియైటిస్ అనే కంటి లోపలి వాపు ఈ పిల్లల్లో చాలాసార్లు చడీచప్పుడు లేకుండా వస్తుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి పుట్టదు, చూపు తగ్గాక గానీ బయటపడదు. సన్నని వెలుతురు చారతో కంటి లోపల చూసే స్లిట్ ల్యాంప్ పరీక్ష ఒక్కటే దాన్ని ముందుగా పట్టిస్తుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మూడు నెలలకోసారి ఆ పరీక్ష జరగాలి. కీళ్ల జబ్బుకు కంటి వైద్యుడెందుకని తల్లిదండ్రులు అనుకుంటే తప్పు వారిది కాదు, మొదటి రోజే ఆ సంగతి వివరించని వ్యవస్థది.

పరిశోధన ఈ పిల్లలకు చాలా ఇచ్చింది. ఎదుగుదల దెబ్బతింటుందని తెలిసీ స్టెరాయిడ్ల మీద ఆధారపడిన కాలం ఒకటుండేది. 1992లో వెలువడిన ఒక అధ్యయనం దారి మార్చింది. మిగతా అన్నిటా ఎడమొహం పెడమొహంగా ఉన్న అమెరికా, సోవియట్ యూనియన్‌ల వైద్యులు చేతులు కలిపి 127 మంది పిల్లల్లో కీళ్ల వాపును అణచే మందు మెథోట్రెక్సేట్‌ను పరీక్షించారు. రెండు మోతాదుల్లో ఎక్కువదాన్ని వారానికోసారి తీసుకున్నవారిలో 63 శాతం మందికి గుణం కనిపించగా, మందు లేని మాత్ర తీసుకున్నవారిలో అది 36 శాతమే. 2000లో ఎటనర్సెప్ట్ అనే సూదిమందు ఫలితాలు వచ్చాయి. బాధపడుతున్న పిల్లలకు మందు లేని సూది వేసి చూడటం న్యాయమా అన్న ప్రశ్నకు పరిశోధకులు మంచి దారి వెతికారు. ముందు మొత్తం 69 మందికీ మందు ఇచ్చారు. గుణం కనిపించినవారిని మాత్రమే రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కొనసాగించి మరో జట్టుకు ఆపారు. ఆపినవారిలో 81 శాతం మందికి, కొనసాగించినవారిలో 28 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. కొన్ని పదుల కుటుంబాలు ఒప్పుకోబట్టే ఆ తర్వాతి తరానికి ఒక వైద్యం దక్కింది. ఆ కుటుంబాలకు సమాజం ఎంతో రుణపడి ఉంది.

పరిశోధనకు సరిపడా రోగులు ఏ ఒక్క ఆసుపత్రికీ రాని జబ్బు ఇది. 1996లో మొదలై ఇటలీలోని జెనోవా కేంద్రంగా అనేక దేశాలను కలిపిన ప్రింటో, 2002లో ఉత్తర అమెరికాలో ఏర్పడిన కారా వంటి పరిశోధక బృందాలు అందుకే పుట్టాయి. తల్లిదండ్రులకు అర్థమయ్యే సమాచారాన్ని అనేక భాషల్లో అందించే పనిని కూడా ప్రింటో చేపట్టింది. అయితే జబ్బు అణగిన తర్వాత మందు ఎప్పుడు ఆపాలి, ఎవరికి తిరగబెడుతుంది అన్నవాటికి ఇంకా గట్టి జవాబులు లేవు. మందు అమ్ముకునే సంస్థ ఆ మందును మాన్పించే మార్గం వెతకడానికి డబ్బు పెడుతుందని ఆశించలేం. ఆ ఖర్చు ప్రజాధనం నుంచే రావాలి. పిల్లల వివరాలను ఏళ్ల తరబడి నమోదు చేసే రిజిస్ట్రీలకు ఏటికేడు వెతుక్కోవలసిన గ్రాంటు కాక, స్థిరమైన నిధి కావాలి.

కుటుంబాలకిచ్చే ఆసరాను దానధర్మాల ఖాతాలో వేయడాన్ని మేము ఒప్పుకోం. అది చికిత్సలో భాగం. వారంవారం మందు వేసుకున్నప్పుడు వచ్చే వికారాన్ని తట్టుకోవడం, సూదికి భయపడే పిల్లలను ఊరడించడం, ఫిజియోథెరపీ మానకుండా చూడటం, ఏ టీకా వేయించే ముందు వైద్యుణ్ని అడగాలో తెలుసుకోవడం ఇవన్నీ ఇంట్లోనే జరగాలి. ఇదే దారిలో నడిచిన మరో తల్లి, మరో తండ్రి మాట అక్కడ ఎంతో ధైర్యాన్నిస్తుంది. పొద్దున ఆలస్యంగా వచ్చి మధ్యాహ్నం ఆడుతున్న విద్యార్థిని టీచరు బద్ధకస్తుడని అనకూడదు. వేళ్లు వాచినవారికి పరీక్షలో అదనపు సమయం హక్కుగా దక్కాలి.

పిల్లల కీళ్లవాతాన్ని చూసే నిపుణులు, అంటే పిల్లల రుమటాలజిస్టులు, ప్రపంచమంతటా తక్కువే. వారు పెరిగేదాకా ఆగనవసరం లేదు. బ్రిటన్‌లో రూపొందిన పీ-గాల్స్ అనే కీళ్ల పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. బడి వయసు పిల్లలను చూసే ప్రతి వైద్యుడికీ దీన్ని శిక్షణలోనే నేర్పించాలి. జబ్బును నిర్ధారించిన రోజే కంటి పరీక్ష తేదీ, బడికి ఇవ్వాల్సిన లేఖ, తల్లిదండ్రుల సంఘం చిరునామా ఆ కుటుంబం చేతికి అందాలని ఆరోగ్య శాఖలు నిబంధన పెట్టాలి.