దొరవారి అలక, మా బావ రాయబారం

దొరవారు మంచం కిందికి వేంచేసి ఇవాళ్టికి రెండో రోజు. దొర అంటే మా పిల్లి. నేరం నాదే, ఒప్పుకుంటున్నాను. టీకా కోసమని బుట్టలో కుక్కి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగు కాళ్లూ ఒకేసారి ఆ బుట్టలో పట్టవని వారు పావుగంట వాదించారు. వాదన ముగిసేసరికి నా ముంజేతి మీద మూడు గీతలు పడ్డాయి. ఇంటికొచ్చి తలుపు తీయగానే నావైపు చూడకుండా, పొట్ట నేలకానించి నడుస్తూ మంచం కింద మాయమయ్యారు. అర్ధరాత్రి అందరం పడుకున్నాక వచ్చి గిన్నె ఖాళీ చేసి వెళ్తున్నారు కాబట్టి నిరాహార దీక్ష మాత్రం కాదు.

ఇందులో నాకే అభ్యంతరమూ లేదు. అలగడం పిల్లి హక్కు. నా బాధంతా రాజీ చేయడానికి దిగేవాళ్లతోనే. సొంత అన్నదమ్ములు పదేళ్లుగా మాట్లాడుకోకపోతే "వాళ్ల గొడవ మనకెందుకులే" అని తప్పుకునే పెద్దమనుషులు, పిల్లి అలిగిందంటే చాలు, చొక్కా చేతులు మడుచుకుని వచ్చేస్తారు.

మా బావ అలాగే వచ్చాడు. విషయం విన్నాడు. "ఓస్, ఇంతేనా! నువ్వు జరుగు బావా, నేను మాట్లాడతాను" అని నేల మీద బోర్లా పడుకుని, ఫోన్లో టార్చి వేశాడు. పాత సూట్‌కేసుకీ గోడకీ మధ్య రెండు పచ్చటి దీపాలు వెలిగాయి. "అదిగో, నన్నే చూస్తోంది! గుర్తుపట్టింది!" అని సంబరపడిపోయాడు. చీకట్లో మొహాన టార్చి వేస్తే ఎవరైనా చూస్తారు బావా.

ముందు లాలన మొదలైంది. "బుజ్జీ, కన్నా, రామ్మా" అంటూ ఇంతవరకు వాళ్లావిడ కూడా విని ఉండని సన్నటి గొంతు ఒకటి తీశాడు. గొంతు ఎంత సన్నబడితే హెర్ట్జ్ లెక్క అంత పెరుగుతుంది. మనిషి చెవి 20 వేల హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తుంది. పిల్లి చెవి 60 వేలు దాటినా వింటుంది. అలాంటి చెవికి రెండడుగుల దూరంలో ఈ కచేరీ. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. చెయ్యి చాపాడు, అందలేదు. భుజం దాకా దూర్చాడు, మంచం కోడు చెంపకు గుచ్చుకుంది. అప్పుడు చీపురు అడిగాడు. "కొట్టడానికి కాదు బావా, దారి చూపించడానికి" అన్నాడు. నేను ఇవ్వలేదు. తలుపు వెనకున్న చీపురు తనే వెతికి తెచ్చుకున్నాడు. దారి చూపించడం మొదలైన క్షణానికే "హిస్స్" అని వినిపించింది. "చూశావా, మాట్లాడుతోంది!" అన్నాడు మెరిసే మొహంతో. మరుక్షణం ఆయన చెయ్యీ, తలా, మంచం పట్టీ ఒకేసారి చప్పుడు చేశాయి. వేలు నోట్లో పెట్టుకుని లేచి, "దీనికి పొగరెక్కువ" అని తీర్పు చెప్పాడు. రాయబారం అంతటితో సరి.

పిలుపు వినపడలేదేమోనని అరిచేవాళ్లకు ఒక మాట. 2013లో జపాన్‌లో 20 పెంపుడు పిల్లులకు యజమానుల గొంతులు, కొత్తవాళ్ల గొంతులు రికార్డు చేసి వినిపించారు. అవి యజమాని గొంతును పోల్చుకున్నాయి. చెవులు తిప్పాయి, తల తిప్పాయి. లేచి రావడమనే చాకిరీ మాత్రం పెట్టుకోలేదు.

ఇక కళ్ల సంగతి. మెల్లగా కళ్లు సగం మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిచ్చే అవకాశం పెరుగుతుందని, అలా కళ్లార్పి చెయ్యి చాపిన కొత్తవాళ్ల దగ్గరికి కూడా అది వచ్చే అవకాశం ఎక్కువని 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. సరే అని గది మూల పక్కకు తిరిగి కూర్చుని, బరువుగా కళ్లార్పుతూ ఉన్నాను. "నిద్రొస్తే పడుకో బావా" అన్నాడు మా రాయబారి, వేలికి మందు రాసుకుంటూ.

అక్కడితో ఊరుకుంటే ఈ వ్యాసం కూడా ఇక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు. "మా పక్కింటివాళ్ల మగపిల్లి కక్షగట్టి పరుపు మీద పోసేది. ముక్కు అందులో రుద్ది రెండు తగిలించారు, దెబ్బకు దారికొచ్చింది" అన్నాడు.

నాకు ఇక్కడ నవ్వు రావడం లేదు. పిల్లికి కక్షలు కట్టే తీరిక లేదు. కంగారుకు కూడా దానికి మూత్రాశయం వాస్తుంది, మంటకు తట్టుకోలేక ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది. మగపిల్లికి మూత్రనాళం మరీ సన్నం. అది పూడుకుపోతే పదే పదే కూర్చుని ముక్కుతుంది, అరుస్తుంది, చుక్క రాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తకపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. అలాంటి జీవి మెడ పట్టుకుని, దాని ముక్కు తడిలో రుద్ది, పైగా మనం నేర్పించామంటారా? సిగ్గుండాలి. దారికొచ్చిందట! మీ కంటపడకుండా బాధపడడం నేర్చుకుంది, అంతే.

బావ వెళ్లిపోయాడు. చీపురు తలుపు వెనక్కి చేరింది. నేను లైటు తగ్గించి, కింద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. పదకొండు దాటాక పరుపు అంచు కిందనుంచి ముందు మీసాలు వచ్చాయి, తర్వాత ముక్కు, చాలాసేపటికి మిగతా దొరవారు. బుట్ట ఉన్న అలమర వైపు ఒకసారి చూసి, గిన్నె దగ్గరికి వెళ్లి, వచ్చి సరిగ్గా నేను చదువుతున్న వార్త మీద నాకు వీపు పెట్టి కూర్చున్నారు. తోక కొస నా బొటనవేలికి తగులుతోంది. నిమరాలని చెయ్యి లాగేసింది. నిమరలేదు. ఆ వార్త సగమే చదివాను.

పొద్దున్నే ఫోను. "వచ్చిందా? చెప్పానా బావా, చీపురు పనిచేస్తుందని!"