నూనె సంగతి సరే, బెల్లం సంగతేంటి?

ఈ వారమంతా మా చుట్టాల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఖరికి పాల ప్యాకెట్ల గ్రూపులో కూడా ఒకటే మెసేజి. "ఓవెన్‌లో యాపిల్ ఫ్రిట్టర్లు! చుక్క నూనె లేదు, మైదా లేదు, చక్కెర లేదు. షుగర్ ఉన్నవాళ్లు నిర్భయంగా ఎన్నైనా తినొచ్చు." కింద 'ప్రముఖ డాక్టరు సలహా' అని ఒక ముక్క. ఫ్రిట్టర్లంటే పండు ముక్కలు పిండిలో కలిపి మామూలుగా నూనెలో వేయించే బజ్జీల్లాంటివి. ఆ ప్రముఖ డాక్టరుకు పేరు లేదు. పంపినవాళ్లలో సగం మందికి ఇంట్లో ఓవెన్ కూడా లేదు. కొలతలు మాత్రం ఉన్నాయి: గోధుమపిండి 200 గ్రాములు, బెల్లం పొడి 150 గ్రాములు, వెన్న 50 గ్రాములు, రెండు యాపిల్స్, ఒక ఈనో ప్యాకెట్. పది ఫ్రిట్టర్లు అవుతాయట. పైన తేనె పోసుకోవాలట.

ముందు నూనె. చుక్క నూనె లేదని మొదటి లైన్లో రాసి, నాలుగో లైన్లో వెన్న వేయమన్నారు. వెన్న కొవ్వు కాదా మరి? మూకుడులో మునిగి తేలినవాటి కంటే వీటిలో కొవ్వు తక్కువే, కాదనను. వెన్న మానేయమనీ అనను, అది లేకపోతే ఫ్రిట్టరు గట్టిపడి పళ్లకు పని పెడుతుంది. అక్కడితో ఆపేస్తే ఏ గొడవా లేదు.

నా కోపమంతా ఆ 'ఎన్నైనా' మీద. ఆ ఒక్క మాట లేకపోతే ఇది రాసేదాన్నే కాదు. బెల్లంలో ఎక్కువ భాగం ఉన్నది చక్కెర డబ్బాలో ఉన్న సుక్రోజే. శుద్ధి చేయలేదు కాబట్టి రంగు, వాసన, కాసిని ఖనిజాలు మిగిలాయి. ఆ రంగు చూసి, ఇన్సులిన్ తయారుచేసే మన క్లోమం మురిసిపోయి ఊరుకోదు. "ఐరన్ ఉంది కదా" అంటారు. ఉంది. ఐరన్ కోసమే అయితే తోటకూర వండుకోండి.

లెక్క వేద్దాం. జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. వాళ్లు 2017లో తెచ్చిన ఆహార పదార్థాల పట్టికల్లో వంద గ్రాముల గోధుమపిండికి సుమారు 64 గ్రాముల పిండిపదార్థాలు (రక్తంలో చక్కెరను పెంచేవి ఇవే), బెల్లానికి సుమారు 85. అంటే మెసేజిలోని కొలతలకు పిండి నుంచి 130 దాకా, బెల్లం నుంచి ఇంకో 130 దాకా, యాపిల్స్ నుంచి ఓ 40. మొత్తం మూడొందలు. పదికి పంచితే ఒక్కోదానికి 30 గ్రాములు, రెండు చిన్న పుల్కాలు తిన్నంత. టీతో పాటు మూడు లాగించారంటే ఆరు పుల్కాలు, అదీ కూరా పప్పూ లేకుండా. తేనె లెక్క ఇందులో వేయలేదు. తేనెలో ఐదింట నాలుగు వంతులు చక్కెరలే.

"మైదా కాదుగా, గోధుమేగా" అన్నారు మా పిన్ని. పీచు ఉంది పిన్నీ, మంచిదే. కానీ మెత్తగా మరపట్టిన పిండి రక్తంలో చక్కెరను పెంచే విషయంలో మైదాకు పెద్ద దూరంలో లేదు. ఏ తిండి రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే కొలతను గ్లైసెమిక్ సూచీ అంటారు. గ్లూకోజును 100 అనుకుంటే ఆ పట్టికల్లో తెల్ల బ్రెడ్డు సగటు 75, గోధుమ బ్రెడ్డుది 74. ఆ ఒక్క పాయింటు చూసుకుని పండగ చేసుకోమంటున్నారు.

మా అత్తమ్మ స్వీటు ముట్టక చాలా కాలమైంది. ఈ మెసేజి చదివి, "మనకూ ఒకటి దొరికిందే" అంటూ ఫోను నా ముందు పెట్టారు. ఆ ముఖంలో ఆశ చూశాక నాకు ఇంకా మండింది. షుగర్ పెరిగితే చాలామందికి వెంటనే ఏమీ తెలియదు. తిన్న సాయంత్రం హాయిగానే ఉంటుంది. తర్వాత, రెండుమూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో బయటపడుతుంది, మాత్రల మోతాదు పెరుగుతుంది. అప్పటికి ఈ ఫార్వర్డ్ వీరులు మెంతుల మీదో కాకరకాయ మీదో ఉంటారు. తినాలనిపిస్తే ఒకటి తినండి. బెల్లం సగం చేసి, ఆ పూట పుల్కాలు తగ్గించుకుని, తేనె సీసా లోపల పెట్టేసి తినండి.

మెసేజిలోని మిగతా మాటలు త్వరగా తేల్చేస్తాను. "మైక్రోవేవ్‌లోనూ ఇలాగే వస్తాయి": రావు. టీ వేడి చేసుకునే మామూలు మైక్రోవేవ్ పిండిలోని నీటిని వేడి చేస్తుంది; పైభాగం నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడాలంటే 140 దాటాలి. బయటికి తీస్తే చవితి కుడుముల్లా తెల్లగా చూస్తుంటాయి. వేడి గాలి తిప్పే కన్వెక్షన్ మోడ్ ఉంటే సరే, 200 డిగ్రీలకు ముందే వేడి చేసుకుని పెట్టండి. ఈనో కలిపి గంట నానబెట్టమనడం ఇంకో వింత. తడి తగలగానే పొంగిపోయే సరుకది. గంట తర్వాత గిన్నెలో మిగిలేది ఉప్పదనమే. ఇంట్లో ఢోక్లా చేసే ఎవరినైనా అడగండి, నవ్వుతారు. తొక్క మీది మైనంతో క్యాన్సర్ అట. పండుకు సహజంగానే కొంత మైనం ఉంటుంది. పైపూతగా తేనెమైనం, కార్నోబా అనే తాటిజాతి ఆకుల మైనం, లక్క మైనం వాడొచ్చని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించింది, లేబుల్ మీద చెప్పాలన్న షరతుతో. ఎలాగూ తొక్క తీసే చేస్తాం కదా, టెన్షన్ ఎందుకు? కోసిన ముక్క నల్లబడితే విషమట. అలాగైతే వంకాయ తిని ఎవరూ బతక్కూడదు.

ఇంత తిట్టాను గానీ, ఆ మెసేజిలో ఆరో పాయింటు మాత్రం బంగారం. యాపిల్ ముక్కల్ని దాల్చినచెక్క పొడి, నిమ్మరసం వేసి ముందే బాణలిలో మగ్గించి, పూర్తిగా చల్లార్చాక పిండిలో కలపమన్నారు. వీడియోల్లో చాలామంది పచ్చి ముక్కలే పడేస్తారు. యాపిల్‌లో 85 శాతం దాకా నీరే. ఓవెన్‌లో అదంతా పిండిలోకి దిగితే, పైన ఎర్రబడినా లోపల జిగటగానే ఉండిపోతుంది. ముందే మగ్గిస్తే నీరు ఇగిరి, పండులోని తీపే చిక్కబడుతుంది. బెల్లం సగం చేసినా చప్పగా అనిపించదు. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో దొరికే ఎర్ర డెలీషియస్ రకం తొందరగా గుజ్జయిపోతుంది, ముక్కలు కాస్త పెద్దవిగా కోయండి. పుల్లటి గ్రానీ స్మిత్ అయితే ముక్క ముక్కలాగే నిలుస్తుంది, కాకపోతే ధర చూసుకోవాలి. మొదట బాణలి బుసబుసమంటుంది. నీరు ఇగిరాక ఆ చప్పుడు చిటపటగా మారి, ముక్కల అంచులు గరిటెకు అంటుకుంటాయి. అప్పుడు దించేయాలి. ఈ సంగతి కూడా మెసేజిలో సరిగ్గానే ఉంది. ఆ పాయింటు రాసినవాళ్లెవరో నిజంగా పొయ్యి దగ్గర నిలబడినవాళ్లే. 'ఎన్నైనా' అని రాసింది మాత్రం వాళ్లు కాదని నా గట్టి అనుమానం.