బజ్జీల మూకుడూ, అత్యంత విలువైన ఆటగాడూ

మా అక్క భర్త, అంటే మా బావగారు, ఏ పనికైనా ముందు ఎక్సెల్ తెరుస్తారు. ఇల్లు కొన్నప్పుడు తెరిచారు, పిల్లవాడికి పేరు పెట్టినప్పుడు తెరిచారు, కాబట్టి 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో జరగబోయే సూపర్ బౌల్‌లో, అంటే కాన్సస్ సిటీ, ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్లు తలపడే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్లో, అత్యంత విలువైన ఆటగాడు ఎవరవుతారన్నదాని మీద వంద డాలర్లు కాయాలని నిశ్చయించుకున్నప్పుడు కూడా తెరిచారంటే అందులో వింతేమీ లేదు. వింతల్లా ఆయన అంత లెక్క కట్టి సరైన పేరే రాబట్టడం, ఆ తరువాత ఆ పేరును చేజేతులా వదులుకోవడం.

ఆ ఆదివారం న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోని మా ఇంట్లో అందరం చేరాము. సంక్రాంతి వెళ్ళాక భీమవరం నుంచి వచ్చిన మా నాన్నగారు శాలువా కప్పుకుని సోఫా మధ్యలో కూర్చున్నారు. అల్లుడుగారు ఫోనులో బహిరంగంగా పందెం కాస్తున్నారని తెలియగానే ఆయన గొంతు తగ్గించి, ‘పోలీసులు రారా?’ అని అడిగారు. రాష్ట్రాలు ఆటల పందేలకు అనుమతి ఇవ్వకుండా కట్టడి చేసిన కేంద్ర చట్టాన్ని 2018 మే నెలలో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసిందనీ, ఆ వ్యాజ్యం నడిపి గెలిచింది మా న్యూజెర్సీ రాష్ట్రమేననీ బావగారు సవినయంగా వివరించారు. పండుగ మూడు రోజులూ బరి దగ్గర ఒక కన్ను కోడి మీద, ఒక కన్ను రోడ్డు మీద పెట్టి జీవితం గడిపిన మా నాన్నగారికి, ప్రభుత్వమే దగ్గరుండి పన్ను వసూలు చేసుకునే పందెంలో మజా ఏముంటుందో బోధపడలేదు.

బోధపడనిది మరొకటి కూడా ఉంది. ‘ఆ విలువైనవాడు ఎవరో తేల్చేది ఎవరు?’ అన్నారు. పదహారుమంది పాత్రికేయులూ ప్రసారకులూ ఓట్లు వేస్తారని, వాటికి నూటికి 80 పాళ్ళు విలువ ఉంటుందని, మిగిలిన 20 పాళ్ళు అభిమానుల ఓట్లదని బావగారు చెప్పారు. ‘అయితే మనం కాసేది ఆట మీద కాదు, విలేఖరుల మీద’ అని నాన్నగారు తేల్చేశారు. బరిలో అయితే చివరికి నిలబడ్డ కోడే గెలిచినట్లు, ఎవరి ఓటూ అక్కరలేదు.

ఈ మాటకు బావగారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ఓటు వేసేవారి కన్ను ఎప్పుడూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదే ఉంటుందని ఆయన పట్టిక ఘోషిస్తోంది. 1967 జనవరిలో జరిగిన మొట్టమొదటి పోటీలో ఈ బహుమతి గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్‌కు దక్కింది, మరుసటి ఏడూ ఆయనకే దక్కింది. ఆ తరువాత కూడా సగానికి పైగా క్వార్టర్‌బ్యాక్‌లే పట్టుకుపోయారు. టామ్ బ్రేడీ ఒక్కడే ఐదుసార్లు తీసుకున్నాడు. ఓడిన జట్టు నుంచి ఈ గౌరవం అందుకున్నది ఇన్నేళ్ళలో ఒకే ఒక్కడు, 1971లో డాలస్ జట్టు లైన్‌బ్యాకర్ చక్ హౌలీ. కనుక ముందు గెలిచే జట్టును పట్టుకోవాలి, తరువాత దాని క్వార్టర్‌బ్యాక్‌ను పట్టుకోవాలి. అప్పటికి మూడుసార్లు ఈ బహుమతి గెలిచిన కాన్సస్ సిటీ వీరుడు పాట్రిక్ మహోమ్స్ వైపే లోకం కాస్త మొగ్గినా, బావగారి ఎక్సెల్ మాత్రం ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు చెందిన జేలెన్ హర్ట్స్ దగ్గర ఆగింది. ఆయన ఉదయమే వంద డాలర్లు అతని మీద పెట్టేశారు. అంతటితో ఫోను జేబులో పెట్టుకుని ఉంటే ఈ వ్యాసానికి అవకాశమే ఉండేది కాదు.

డబ్బు జోలికి పోని మిగతావాళ్ళకు ఇంటి పందెం ఒకటి పెట్టుకున్నాము. ఎవరి పేరు వాళ్ళు ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో రాయాలి, పేరు తప్పినవాళ్ళంతా కలిసి డిష్‌వాషర్‌లో పట్టని గిన్నెలు తోమాలి. వాటిలో ముఖ్యమైనది మా అమ్మ ఇక్కడికి మోయించుకొచ్చిన ఇనుప మూకుడు. అందులో మిరపకాయ బజ్జీలు రెండు వాయిలు దిగేసరికే అడుగున మాడిన పిండి పెచ్చు కట్టింది. మా అక్క బజ్జీలు తిప్పుతూనే, ‘పొద్దున ఆయన ఎవరి పేరో అన్నారుగా, అదే నాకూ రాసేయి’ అంది. సేక్వాన్ బార్క్‌లీ పేరు రాయమంటే మావారు మొహం తిప్పుకున్నారు. ఆరేళ్ళు మా న్యూయార్క్ జెయింట్స్‌కు ఆడిన ఆ పరుగుల వీరుడు ఏడాది క్రితమే బద్ధశత్రువులైన ఈగల్స్‌లో చేరి, ఆ తొలి ఏడే రెండు వేల గజాలు దాటి పరుగెత్తాడు. సొంత ఇంటి అల్లుణ్ణి పక్కింటివాళ్ళు పండగకు పిలుచుకుపోయినంత బాధ ఇది. చివరికి ఆయన అయిష్టంగానే మహోమ్స్ పేరు రాశారు.

నాన్నగారు మాత్రం తొందరపడలేదు. ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చేదాకా ఆగి, తెర దగ్గరగా వెళ్ళి ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, చివరకు ఒక మహాకాయుడి మీద వేలు పెట్టారు. అతడు ఈగల్స్ ఎడమ కొసన నిలిచి తన క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే జోర్డన్ మైలాటా. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, 365 పౌన్ల బరువు, అంటే 165 కిలోల పైమాటే. సిడ్నీలో రగ్బీ ఆడుతూ పెరిగి, ఈ ఆటలోకి నేరుగా వచ్చిపడ్డ మనిషి. ‘వీడిని రాయి’ అన్నారు. ఇంతవరకు ఆ వరుసలో నిలబడేవాడికి ఈ బహుమతి ఒక్కసారైనా రాలేదని బావగారు మొత్తుకున్నారు. 1978లో హార్వీ మార్టిన్, రాండీ వైట్ అనే ఇద్దరు భారీకాయులకు కలిపి ఇచ్చారు కదా అని మావారు గుర్తుచేస్తే, వాళ్ళు అవతలి క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టేవాళ్ళు గాని, సొంతవాణ్ణి కాపాడేవాళ్ళు కారని సవరించారు. ‘పడగొట్టేవాడికి విలువ ఉంది గాని పడకుండా కాచేవాడికి లేదా?’ అని నాన్నగారు అడిగారు. బావగారి పట్టికలో ఆ ప్రశ్నకు గడి లేదు.

ఆట మొదలైంది. అసలు చిక్కు మా టీవీతో వచ్చింది. మేము చూస్తున్నది ఇంటర్నెట్ ప్రసారం కావడంతో న్యూ ఆర్లీన్స్‌లో జరిగింది మా ఇంటికి చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది గాని, బావగారి ఫోనులోని పందెం యాప్‌కు మాత్రం ఆ ఆలస్యం లేదు. మైదానంలో ఏదైనా ముఖ్యమైనది జరిగిందంటే యాప్‌లో ధరలన్నీ మాయమై వాటి స్థానంలో చిన్న తాళంకప్ప బొమ్మలు వెలుస్తాయి. తెర మీద ఆటగాళ్ళు ఇంకా చెమట తుడుచుకుంటూ ఉండగానే బావగారు ‘తాళం పడింది!’ అని కేక వేసేవారు. ఏం జరిగిందో తెలియదు గాని ఏదో జరిగిందని మాత్రం తెలిసిన ఆ అర నిమిషం ఆయన ముఖం చూసి తీరవలసిందే.

బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్, మొదటిది హర్ట్స్‌దే. గీతకు గజం దూరంలో ఉన్నప్పుడు ఈగల్స్ ఒక ఎత్తు వేస్తారు. ముందున్న భారీకాయులు నేలకు కరుచుకుని దారి తొలుస్తారు, బంతి పట్టుకున్న హర్ట్స్ వాళ్ళ వెనక దూరతాడు, అతని వెనకున్నవాళ్ళు పిరుదుల మీద చేతులు వేసి నెట్టుకుపోతారు. బావగారు గంతులు వేశారు. ‘ముందు దారి చేసింది మావాడు, వెనక నెట్టింది మరెవరో, పేరు మాత్రం మధ్యలో ఇరుక్కున్నవాడికా?’ అని నాన్నగారు ముక్కున వేలేసుకున్నారు.

కాసేపటికి మళ్ళీ తాళం పడింది. ఈసారి తెర మీద హర్ట్స్ దూరంగా విసిరిన బంతిని అవతలి జట్టువాడు అందుకున్నాడు. తాళం తెరుచుకోగానే పందెం ఇప్పుడే వదులుకుంటే ఇంత వెనక్కి ఇస్తామని యాప్ ఒక పచ్చటి మీట చూపించింది. బావగారి చేతిలో సగం కొరికిన బజ్జీ ఉంది. నూనె బొటనవేలితో నొక్కితే ఫోను మొదట స్పందించలేదు. ఆ యంత్రం ఇచ్చిన హెచ్చరికను అర్థం చేసుకోకుండా ఆయన చొక్కాకు వేలు తుడుచుకుని మరీ నొక్కారు. హర్ట్స్ పోయాడు, చేతికి సగం చిల్లర వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి బార్క్‌లీ మీద పెట్టారు. ఆ రోజు అతని పుట్టినరోజట, రాతగాళ్ళకు అటువంటి కథలు ఇష్టమట. పట్టికలో పుట్టినరోజుల గడి ఎప్పుడు చేరిందో మాకు తెలియదు.

మరికొంత సేపటికి మహోమ్స్ విసిరిన బంతిని కూపర్ డీజీన్ అనే ఈగల్స్ కుర్రవాడు గాలిలోనే దొరకబుచ్చుకుని 38 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చిత్రంగా అతని పుట్టినరోజూ ఆనాడే. దానితో బావగారు తాము తప్పుడు పుట్టినరోజు మీద కాశామన్న నిర్ణయానికి వచ్చి, బార్క్‌లీని వదిలి డీజీన్‌ను పట్టుకున్నారు. విరామానికి ఫిలడెల్ఫియా 24-0తో ముందుంది. రెండో సగంలో ఈగల్స్ ఆటగాడు జాష్ స్వెట్ మహోమ్స్‌ను మళ్ళీ మళ్ళీ కూలదోస్తుంటే మిగిలిన ఆ కాసిని డాలర్లూ స్వెట్ ఖాతాలోకి నడిచాయి. ఇంతలో హర్ట్స్ 46 గజాల బంతి విసిరి డెవాంటా స్మిత్ చేత మరో టచ్‌డౌన్ చేయించాడు. బార్క్‌లీని ఆపడానికి కాన్సస్ సిటీ తన బలగాన్నంతా వెచ్చిస్తే ఆ ఖాళీలో హర్ట్స్ కాలినడకనే 72 గజాలు సంపాదించాడు. అవేవీ బావగారికి కనబడలేదు. ఆయన తాళాలు చూస్తున్నారు.

ఆట 40-22తో ఫిలడెల్ఫియా గెలుపుగా ముగిసింది. అత్యంత విలువైన ఆటగాడు జేలెన్ హర్ట్స్ అని ప్రకటించగానే గది నిశ్శబ్దమైంది. మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి, ‘మనవాడేగా? ఎంత వచ్చింది?’ అని అడిగింది. బావగారు సమాధానం చెప్పే ప్రయత్నంలో 2017 నాటి పోటీని ఎత్తుకున్నారు. ఆనాడు జేమ్స్ వైట్ మూడు టచ్‌డౌన్లు చేసి, 28-3తో వెనకబడ్డ న్యూ ఇంగ్లండ్ జట్టును గట్టెక్కించడంలో సగం భారం మోసినా బహుమతి బ్రేడీకే ఇచ్చారని, ఈ ఓట్లే అన్యాయమని వాపోయారు. ఉదయం అదే అన్యాయాన్ని ఆధారం చేసుకుని ఆయన కట్టిన లెక్క క్యాలెండర్ మీద, మా అక్క పేరు పక్కన, భద్రంగా ఉంది.

గిన్నెల దగ్గర నాన్నగారు మొండికేశారు. గెలిచిన హర్ట్స్‌ను కాచింది మైలాటాయేనని, తన మనిషి తన పని చేశాడు గనుక తాను తోమనన్నారు. మహోమ్స్‌ను కూలదోసిన ఆరుసార్లకు ఆరు గిన్నెలు అని మావారు ఒప్పందం చేసుకుని తేలికవి ఏరుకున్నారు. ఇనుప మూకుడు బావగారి వంతు వచ్చింది. ఆయన పీచు పట్టుకుని వంగేసరికి చొక్కా జేబులోంచి ఫోను జారి సబ్బునీళ్ళలో మునిగింది. మా అక్క దాన్ని తీసి, తుడిచి, సోనామసూరి బస్తాలో నడిమిదాకా దింపింది. ఓడినవారికి ఊరటగా ఉచిత పందెం ఇస్తామంటూ అది బియ్యంలోంచే టింగుమంది, వెంటనే మరొకసారి టింగుమంది.

‘పెద్దల్లుడుగారూ, బస్తాలోంచి మిమ్మల్ని ఎవరో పిలుస్తున్నారు’ అన్నారు నాన్నగారు.