కొత్తపట్నం ఇసుకలో ముక్కుపుడక

మా రిమోట్ ట్రక్కు ఎగిరి దూకినప్పుడల్లా ముందు చక్రాలను బండికి కలిపే ప్లాస్టిక్ ఆర్ములు విరుగుతున్నాయని అల్యూమినియంవి తెప్పించి బిగించాను. అసలు లారీలో పదో వంతు కొలత బండి అది. కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్లలో చిక్కటి సిలికాన్ నూనె కూడా నింపి, ఆదివారం సాయంత్రం ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచికి తీసుకెళ్లి దిబ్బ మీద నుంచి దూకించాను.

ఆర్ము విరగలేదు. అమ్మినవాడి మాట అక్షరాలా నిజం. ప్లాస్టిక్ అయితే కాస్త వంగి, దెబ్బ మింగి, తిరిగి తన ఆకారానికి వస్తుంది. అల్యూమినియానికి ఆ ఓపిక లేదు. తనకు తగిలింది పక్కవాడికి అందజేస్తుంది. పక్కన ఉన్నది ఆర్మును పట్టి ఉంచే ఉక్కు పిన్ను. అది వంగింది. దాని చివరనున్న, ఇంగ్లీషు E అక్షరం ఆకారపు ఈ-క్లిప్పు టింగుమని ఎగిరి ఇసుకలో పడింది. సెంటీమీటరు కూడా లేని ఆ ముక్క లేకపోతే పిన్ను జారుతుంది, చక్రం ఊడుతుంది. ప్యాకెట్టులో అదనపు క్లిప్పు ఒక్కటీ వేయలేదు మహానుభావులు. విడిగా అమ్మరట, మొత్తం పిన్నుల సెట్టే కొనాలట! అప్పటికప్పుడు ఫోనులో ఫిర్యాదు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని వెతకసాగాను.

మొక్కజొన్న పొత్తులు కాల్చే పెద్దమ్మ చూసి, "ఏం పోయింది నాయనా, ముక్కుపుడకా?" అంది.

"కాదమ్మా, చిన్న క్లిప్పు."

"ఎంత చిన్నదైనా బంగారం బంగారమే కదా" అంటూ చెంగు దోపుకుని దిగింది. ఆమె వెనకే ఒక కుటుంబం మొత్తం దిగింది. ఎవరూ తొక్కకుండా ఒక పెద్దాయన చుట్టూ గిరి గీసి, "ఎన్ని గ్రాములు?" అని అడిగాడు. అరగ్రాము కూడా ఉండదన్నాను. "రాయి ఉందా?" లేదన్నాను. అయితే పాతకాలపుదేనని తేల్చారు. నేను చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు, గమనించగలరు.

స్క్రూలు ఏరుకోవడానికి తెచ్చుకున్న అయస్కాంతం గుర్తొచ్చి బయటికి తీశాను. సముద్రపు ఇసుకలో మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజాల నల్ల రేణువులు కలిసి ఉంటాయి. రెండడుగులు జరిపేసరికి అయస్కాంతానికి గుబురు గడ్డం మొలిచింది. దులిపితే మళ్లీ మొలిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు, అంతవరకూ ఫోను పట్టుకుని నిలబడ్డ ఒక ఇంటర్ కుర్రవాడు, "బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా సార్?" అన్నాడు.

వెతుకుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. పెద్దాయన తను గీసిన గిరిని కాలితో చెరిపేశాడు. పెద్దమ్మ నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "రోల్డుగోల్డా నాయనా? ఇంట్లో ఆమెకు తెలుసా?" అంది.

సరిగ్గా అప్పుడే ఫిర్యాదుకు జవాబు వచ్చింది: పార్శిలు విప్పుతున్నప్పుడు తీసిన వీడియో పంపాలట. అది నేను తీయలేదు. ఇసుకలో నేను దేవులాడిన వీడియో మాత్రం ఆ ఇంటర్ కుర్రవాడి దగ్గర మొదటి నుంచీ ఉంది.