పైపు మార్చిన మహానుభావుడికి వీధంతా రుణపడి ఉంది

దేశంలో దానధర్మాలు తగ్గిపోయాయని బాధపడేవాళ్లు ఒకసారి మా కాలనీకి రావాలి. మా వీధి చివర ఒక కుర్రాడున్నాడు. సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ కారు కొన్నాడు. అయిదు లీటర్ల వీ8 ఇంజిన్, అంటే ఎనిమిది సిలిండర్లు, దాదాపు 400 హార్స్ పవర్. కొన్నవాడు తానొక్కడే అనుభవించవచ్చు కదా! ఆ స్వార్థం అతనికి లేదు. కంపెనీ వాళ్లు పెట్టిన సైలెన్సర్ పీకించేసి, విదేశం నుంచి తెప్పించిన పైపు వేయించి, తన ఇంజిన్‌లో జరిగే ప్రతి పేలుడునూ నాలుగు వీధుల జనానికి ఉచితంగా పంచిపెడుతున్నాడు. పాల ప్యాకెట్లు రాకముందే పంపిణీ మొదలవుతుంది. రేషన్ కార్డు అక్కర్లేదు, క్యూ లేదు, వద్దన్నా ఇస్తారు.

ఇంతకీ ఆ పాత సైలెన్సర్ చేసిన నేరమేమిటి? వీ8 ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే దాని కడుపులో నిమిషానికి 12,000 పేలుళ్లు జరుగుతాయి. అన్ని పేలుళ్లనూ చిల్లుల గొట్టాల్లోంచి, గదుల్లోంచి నడిపించి, ఒక శబ్ద తరంగాన్ని ఇంకో తరంగంతోనే కొట్టించి, చివరికి మనిషి చెవికి ఓర్చుకోగలిగేలా పంపిస్తుంది. ఎంతమంది ఇంజినీర్లు ఎన్నేళ్లు కూర్చుని లెక్కలేస్తే తయారైందో ఆ డబ్బా! అంతా తప్పు లెక్కని మన కుర్రాడు రెండు వీడియోలు చూసి తేల్చేశాడు.

డబ్బాతో ఊరుకుంటే బాగుండేది. దానికి ముందు క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒకటుంటుంది. లోపల ప్లాటినం, పలాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత. కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా మార్చేది అదే. అమెరికాలో దొంగలు రాత్రిపూట కారు కిందికి దూరి రంపంతో కోసుకుపోతున్నది దీన్నే. మనవాడు పట్టపగలు, డబ్బులిచ్చి మరీ కోయించుకున్నాడు. దొంగలకు శ్రమ లేదు.

అది పోయిందని కారు కనిపెట్టింది. పొగలో తేడాను పట్టే ఆక్సిజన్ సెన్సర్ లబోదిబోమంటే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. గ్యారేజీ నిపుణులు క్షణం ఆలస్యం చేయకుండా కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి ఆ లైటు ఆర్పేశారు. తప్పు సరిదిద్దడం కంటే తప్పు చెప్పేవాడి నోరు మూయించడం సులువని మనకు వేరే చోట్ల కూడా తెలుసు కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు.

పైపు బిగించిన రోజు సాయంత్రం జరిగిన వేడుక గురించి చెప్పకపోతే చరిత్ర నన్ను క్షమించదు. కారుకి బంతిపూల దండ వేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులుగారు వచ్చి, "కొత్త బండా బాబూ?" అని అడిగారు.

"బండి పాతదే పంతులుగారూ, పైపు కొత్తది."

పంతులుగారు కాసేపు ఆలోచించారు. వాహన పూజకు విధానం ఉంది కానీ పైపు పూజకు ఉన్నట్టు ఆయన ఎక్కడా చదవలేదు. అయినా వచ్చిన పని కాబట్టి వెనక్కి వెళ్లి, వంగి, నాలుగు గొట్టాలకూ వరసగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి వెలిగించి, ఇంకా వంగే ఉండి, "ఊఁ, స్టార్ట్ చెయ్యి బాబూ" అన్నారు.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే మొదట్లో కాసేపు మామూలుకంటే ఎక్కువ వేగంగా తిరుగుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను త్వరగా వేడెక్కించడానికి కంపెనీ వాళ్లు చేసిన ఏర్పాటు అది. ఆ కన్వర్టర్ గ్యారేజీలో నేలమీద పడి ఉన్న సంగతి ఇంజిన్‌కు తెలియదు. పాపం, లేని దాన్ని వేడి చేయడానికి అది ప్రాణం పెట్టి గర్జించింది.

హారతి ఆరిపోయింది. పంతులుగారు ఎదురింటి గేటు దగ్గర తేలారు. కుంకుమ ఎగిరి వెనక నిలబడ్డ స్నేహితుడి తెల్ల చొక్కా మీద పడింది. పార్క్ చేసిన మూడు కార్లు తమంతట తామే అలారం కొట్టాయి. రెండో అంతస్తులో ఉండే బామ్మగారు గ్యాస్ సిలిండర్ పేలిందనుకుని ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలతో సహా మెట్లు దిగి వచ్చేశారు. కుర్రాడి తల్లి రెండు చెవుల్లో దూది పెట్టుకుని చిరునవ్వుతో అందరికీ పులిహోర పంచుతున్నారు. స్నేహితులు మాత్రం కారు వెనక రోడ్డు మీద సాష్టాంగపడి, ఫోన్లు గొట్టాలకు ఆనించి, "ఇంకోసారి అన్నా, ఆడియో పగిలిపోయింది" అంటున్నారు. ఇంకోసారి ఇచ్చాడు. ఆ మీదట ఇంకోసారి. దక్షిణ అందుకుని వెళ్తూ పంతులుగారు మెల్లగా వాచ్‌మన్‌ను అడిగారు: "రిపేరు ఎప్పటికి పూర్తవుతుందటా?"

ఎందుకు బాబూ ఇదంతా అని నేనూ అడిగాను. "పవర్ పెరుగుతుంది అంకుల్, బరువు తగ్గుతుంది" అన్నాడు. నిజమే. స్లొవేనియాలో ఒక మాజీ మోటార్‌సైకిల్ రేసర్ పెట్టిన అక్రపోవిచ్ కంపెనీ పేరు తెచ్చుకుంది అలాంటి టైటానియం పైపులతోనే. రేసులో అరసెకను కూడా లెక్కే, కిలో తగ్గినా లాభమే. మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోటైలో ట్రాక్ ఉంది, అక్కడికి పోయి పొద్దంతా అరిపించుకుంటే ఎవరొద్దన్నారు? కానీ మనవాడి రేసు మా వీధి నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా. దారి పొడవునా స్పీడ్ బ్రేకర్లు. ఒక్కోదాని దగ్గర స్నేహితుడు దిగి, కారు కిందికి తొంగి చూసి, "కొంచెం లెఫ్ట్, కొంచెం లెఫ్ట్" అంటే ఏటవాలుగా ఎక్కించి దించాలి. వెనక ఆటోవాళ్ల ఆశీర్వచనాలు. పైపు మార్చి తగ్గించిన కిలోలన్నీ ఆ స్నేహితుడు ఎప్పుడో బిర్యానీతో భర్తీ చేసేశాడు. పెరిగిన హార్స్ పవర్ సిగ్నల్ దగ్గర ఏసీకి పనికొస్తోంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపల సంగతి కూడా విన్నవించుకోవాలి. అది ఇంజిన్ గొప్పతనం అనుకుంటారు చూసేవాళ్లు. కాలు తీశాక ఆగాల్సిన పెట్రోలును ఆపకుండా కాస్త పోయించి, స్పార్క్ ఆలస్యంగా ఇప్పించి, ఆ మిగిలింది పైపులో మండేలా చేయించుకుంటారు. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలును కదలడానికి కాకుండా కేవలం టపాకాయలుగా కాల్చే స్థాయికి ఎదిగామంటే తలసరి ఆదాయం గురించి ఇక ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదు. అయితే అదే మనుషులు రోడ్డు ట్యాక్స్ కట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం పేదవాళ్లయిపోయి పుదుచ్చేరి నంబర్ ప్లేటు వెతుక్కుంటారు. అది వేరే వ్యాసం.

పీకేసిన అసలు సైలెన్సర్ ఏమైందంటారా? పాత దుప్పటిలో చుట్టి బాల్కనీలో భద్రంగా పెట్టారు. పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు, షోరూంలో సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు, కారు అమ్ముకునేటప్పుడు మళ్లీ బిగిస్తారు. అంటే చేస్తున్నది తప్పని తెలియక కాదు. ఏ రోజున తెలియనట్టు ఉండాలో కూడా తెలుసు.

ఇక రాత్రి పన్నెండింటికి నైట్ డ్రైవ్. మా వైపు నుంచి పంజాగుట్ట మీదుగా వెళ్లేటప్పుడు నిమ్స్ ముందునుంచే పోవాలి. ఆసుపత్రి చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అలాంటి మండలంలో రాత్రిపూట పరిమితి 40 డెసిబెల్స్. ఇలాంటి పైపు పక్కన మీటరు పెడితే వంద చూపించడం పెద్ద విశేషం కాదు. 40కీ 100కీ తేడా అరవయ్యే కదా అనుకోవద్దు, డెసిబెల్ లెక్కలో అది పది లక్షల రెట్ల శక్తి.

లోపల ఉన్నవాళ్లకు కనీసం గోడలున్నాయి. బయట ఫుట్‌పాత్ మీద చాపలు పరుచుకుని పడుకున్నవాళ్లున్నారే, నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో మనిషిని తీసుకొచ్చి, పగలంతా ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు తిరిగి, డబ్బు ఎక్కడ పుట్టించాలో తెలియక అర్ధరాత్రికి కన్ను మూతపడినవాళ్లు? వాళ్ల తలల పక్కనుంచి పోతూ గేరు తగ్గించి మరీ పేలుస్తావా? ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు ఒరే, నీ కారు చూడ్డానికి కాదు! లోపల తమ మనిషికేమైందోనని గేటు వైపు చూశారు. అది నీకు చప్పట్లలా కనిపించింది. నీ వెనక కారులో నీ స్నేహితుడు ఆ ముఖాల్ని కూడా వీడియో తీశాడు. సిగ్గు అనే పార్టు కంపెనీ వాళ్లు వేయలేదా, అది కూడా బరువు తగ్గుతుందని పీకించేశావా?

మోటారు వాహనాల చట్టంలో 190(2) అనే సెక్షన్ ఉంది. 2019 సవరణ తర్వాత శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మొదటిసారి మీరితే మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. పైపు ఖరీదు లక్షల్లో ఉన్నవాడికి పది వేలంటే దాని పాలిష్ ఖర్చు. పోలీసులు అప్పుడప్పుడు పట్టుకున్న సైలెన్సర్లను నడిరోడ్డు మీద పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కిస్తుంటారు. చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే ఆ రోలర్ కింద దొరికేవి ఎక్కువగా బుల్లెట్ బైకుల పైపులే. మస్టాంగ్ పైపు కూడా అలా అప్పడమయ్యే రోజు వస్తే టికెట్ కొనుక్కునైనా వెళ్తాను.

శబ్దం అంత ఇష్టమైతే దానికో మర్యాద మార్గం ఉంది. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజిన్ చప్పుడును స్పీకర్ల ద్వారా కారు లోపల కూర్చున్నవాళ్లకు మాత్రమే వినిపించే ఏర్పాటు చేశారు. కార్ల పిచ్చివాళ్లంతా నకిలీ అని తిట్టిపోశారు. నా దృష్టిలో మానవజాతి ఇంతవరకు చేసిన నకిలీల్లో అంత సంస్కారవంతమైనది మరొకటి లేదు.

పోనీ, కరెంటు కార్లు వస్తే ఈ పీడ దానంతటదే విరగడవుతుంది కదా అని కుర్రాడి దగ్గర ఆశగా ప్రస్తావన తెచ్చాను. ఫోన్ తీసి చూపించాడు. అమెరికాలో డాడ్జ్ ఛార్జర్ డేటోనా అని ఒక కరెంటు కారు. పైపు అవసరం లేదు కాబట్టి కష్టపడి ప్రత్యేకంగా ఒక శబ్ద యంత్రం పెట్టారు, 126 డెసిబెల్స్ దాకా వస్తుందని కంపెనీయే చాటింది. అందులో కొన్ని వేల కార్లను 2025లో వెనక్కి పిలిచారు. పాదచారులను హెచ్చరించడానికి చట్టప్రకారం చేయాల్సిన చిన్న చప్పుడు రావడం లేదట.

"మరి దాన్ని ఆఫ్ చేసుకోవడానికి బటన్ ఏదైనా ఉంటుందా నాయనా?" అని అడిగాను.

వాడు నన్ను జాలిగా చూశాడు. "ఆఫ్ చేసేదా? అది ఎవరు కొంటారంకుల్?"