పేనుకొరుకుడుకి గురివింద గింజ రాయకండి

పేనుకొరుకుడు గురించి వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సలహా ఇది: "తలలో పురుగు చేరి కుదుళ్లు కొరికేస్తే రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడుతుంది. గురివింద గింజ అరగదీసి మంట పుట్టేదాకా రాస్తే పురుగు చస్తుంది. ఇంట్లోవాళ్లకి అంటుకుంటుంది, దువ్వెన వేరు చేయండి."

పురుగు సంగతి ముందు. పేరులో పేను ఉన్నా, పేను తాగేది నెత్తురు, వెంట్రుకల్ని తినదు. తలలో ఒక్క పేను లేనివాళ్లకీ, గడ్డంలోనూ కనుబొమల్లోనూ కూడా ఇలా జుట్టూడిన మచ్చలు వస్తాయి.

కొరికేది మన రోగనిరోధక వ్యవస్థే. ఎదిగే దశలో ఉన్న కుదురు మామూలుగా దాని కంటపడకుండా ఉంటుంది. ఆ రక్షణ పోయినప్పుడు సీడీ8 టి-కణాలు (దాడి చేసే ఒక రకం తెల్ల రక్తకణాలు) కుదురు అడుగున మూగి ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత రసాయనాన్ని వదులుతాయి. అది మరిన్ని కణాల్ని రప్పిస్తుంది. వెంట్రుక మొదట్లో సన్నబడి విరుగుతుంది. మచ్చ అంచున భూతద్దం పెట్టి చూడండి: పైన లావుగా, కింద సన్నగా, ఆశ్చర్యార్థకంలా పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. చర్మం మాత్రం నున్నగానే ఉంటుంది. కొందరికి గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలూ పడతాయి. కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలుండే కుదురు పైభాగం జోలికి దాడి వెళ్లదు, అందుకే ఏళ్ల తర్వాతైనా జుట్టు మొలవగలదు.

ఇక గురివింద. అందులోని అబ్రిన్ కణాల్లో ప్రోటీన్ తయారీని ఆపేసే విషం. గట్టి పెంకు ఉన్నంతసేపు అది లోపలే ఉంటుంది. అరగదీయడమంటే చేజేతులా దాన్ని బయటికి తీయడమే, అదీ మంటపుట్టి చిట్లిన చర్మం మీదికి! "మావాడికి తగ్గిందిగా" అంటారు. ఒకటి రెండు చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాదిలోపు ఏ మందూ లేకుండానే జుట్టు వస్తుంది. పేరు గింజకి దక్కుతుంది.

పేనుకొరుకుడు అంటుకోదు. అంటుకునేది తల తామర: ఎక్కువగా పిల్లల్లో, పొట్టు రాలుతూ, వెంట్రుకలు విరిగిపోయి ఉంటుంది. అనుమానముంటే కేఓహెచ్ పరీక్ష (పొట్టునో వెంట్రుకనో సూక్ష్మదర్శిని కింద పెట్టి ఫంగస్ ఉందేమో చూడటం) చేయించాలి. దానికి పైపూత చాలదు, వారాల తరబడి మాత్రలు వాడాలి. పేనుకొరుకుడు అనుకుని స్టెరాయిడ్ క్రీము రాస్తే తామర ఇంకా ముదురుతుంది.

పెద్దవాళ్లకి చిన్న మచ్చలైతే చర్మవైద్యులు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ సూది మచ్చలోకే వేస్తారు: మి.లీ.కి 2.5 నుంచి 10 మి.గ్రా. బలం, సెంటీమీటరు ఎడంగా చోటుకి 0.1 మి.లీ., 4-6 వారాలకోసారి. మోతాదు మించితే చర్మం గుంటపడుతుంది. కొత్త వెంట్రుకలు మొదట తెల్లగా రావచ్చు, కంగారక్కర్లేదు. తల సగానికి పైగా ఖాళీ అయితే బారిసిటినిబ్ మాత్రలున్నాయి, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి టీబీ పరీక్ష చేయించకుండా మొదలుపెట్టకూడదు.